చూపు మసకబారినా నాదానికి వెలుగై నిలిచిన ద్వారం
ఫిడేలును పక్కవాద్యం స్థాయి నుంచి ప్రధాన వేదికకు చేర్చిన విజయనగరం వైతాళికుడు

విజయనగరం: ఊరంతా దీపాలు వెలిగించుకునే పండుగ నాడు ఆయన పుట్టారు. ఆ వెలుగులను తనివితీరా చూసే భాగ్యం మాత్రం ఆయన కళ్లకు లేకపోయింది. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు అల్లుకుపోయి కనిపించిన ఆ బాలుడే తర్వాతి కాలంలో దక్షిణ భారతమంతా చెవులు రిక్కించి విన్న వాయులీన విద్వాంసుడయ్యారు. విద్యార్థిగా అడుగుపెట్టబోయిన కళాశాలలో ఆచార్యుడై, ఆ తర్వాత దానికే అధిపతి అయ్యారు. గాయకుడి పక్కన కూర్చుని వంత పలకడమే పనిగా భావించిన ఫిడేలును వేదిక నడుమ కూర్చోబెట్టారు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు. కళింగాంధ్ర ప్రజలకు ‘ఫిడేలు నాయుడు’.

అంగవైకల్యాన్ని జాలిచూపుతోనో, శాపంగానో చూసే రోజుల్లో చూపు సరిగా లేని ఒక యువకుడు కేవలం విద్వత్తుతో గౌరవాన్ని సంపాదించుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆ ప్రయాణంలో విజయనగరానిది విడదీయరాని భాగం.

అన్నే తొలి గురువు

వెంకటస్వామి నాయుడు 1893 నవంబరు 8న, దీపావళి పర్వదినాన, బెంగళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో అధికారి. తల్లి లక్ష్మీనరసమ్మ. తండ్రి కొలువు కారణంగా పుట్టుక బెంగళూరులో జరిగినా, పెరిగింది విశాఖపట్నంలో. తెలుగు నేలే ఆయనకు మాటను, పాటను నేర్పింది.

చిన్ననాటి నుంచి ఆయనకు దృష్టిమాంద్యం ఉండేది. పూర్తిగా చీకటి కాదు. అలాగని పుస్తకం పట్టుకుని సాఫీగా చదువుకోగలిగినంత చూపూ కాదు. ఇటువంటి అరకొర చూపు కొన్ని విషయాల్లో పూర్తి అంధత్వం కంటే ఇబ్బందికరం. చూసేవారికి ఆ కష్టం బయటపడదు. పాఠం చదవలేకపోతే మందమతి అనుకుంటారు, ఎదురుగా వచ్చినవారిని పలకరించకపోతే గర్విష్ఠి అనుకుంటారు. చదువు ఉద్యోగానికి, ఉద్యోగం గౌరవానికి దారి చూపే ఆ కాలంలో అక్షరం అందకపోవడమంటే జీవితపు తలుపు మూసుకుపోవడమే.

ఆ తలుపు మూసుకుపోతున్న వేళ పెద్దన్న వెంకటకృష్ణయ్య తమ్ముడి చేతికి ఫిడేలు అందించారు. సరళీ స్వరాలు మొదలుకొని ఆ వాద్యంలోని మెళకువలను ఆయనే నేర్పారు. ఇంటి పట్టునే సాగిన ఆ శిక్షణే వెంకటస్వామి సంగీత జీవితానికి పునాది. తర్వాతి కాలంలో ఎందరికో గురువై వెలుగొందిన ఆయనకు గురువెవరని వెతికితే కనిపించేది తోబుట్టువే.

కన్ను చేయలేని పని చెవి చేసింది

కర్ణాటక సంగీతం గురుముఖతః వచ్చే విద్య. గురువు పాడతారు, శిష్యుడు విని పలుకుతాడు. తప్పితే మళ్లీ పాడతారు. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించిన తర్వాత స్వరలిపి గ్రంథాలకు ప్రాచుర్యం పెరిగింది కానీ, వాటితోనే సంగీతం వచ్చేస్తుందని నమ్మినవారు లేరు. గమకం కాగితం మీద నిలిచేది కాదు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఊగుతూ జారే ఆ సొగసును చెవి పట్టుకోవలసిందే. చదువు విషయంలో వెంకటస్వామికి ఎదురైన అడ్డుగోడ సంగీతం విషయంలో అంత ఎత్తుగా లేకపోవడానికి కారణం ఇదే.

వాద్యాలలో ఫిడేలుకు మరో ప్రత్యేకత ఉంది. వీణకు మెట్లు ఉంటాయి. ఏ మెట్టు మీద వేలు ఉంచితే ఏ స్వరం పలుకుతుందో కంటితో చూసి పోల్చుకోవచ్చు. ఫిడేలు మెడ మీద మెట్లు ఉండవు, గుర్తులు ఉండవు. నునుపైన ఆ చెక్క మీద వేలు వెంట్రుకవాసి అటూఇటూ జరిగినా శ్రుతి తప్పుతుంది. కళ్లున్నవారికైనా అక్కడ చూడటానికి ఏమీ లేదు. వేలికి స్పర్శ, చెవికి శ్రుతి, మనసుకు లయ, ఈ మూడే ఆధారం. మన విద్వాంసులు నేల మీద బాసింపట్టు వేసుకుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేసుకోవడంలోనూ, బిరడాలు బిగించడంలోనూ, కమాను నడపడంలోనూ కంటికి పెద్దగా ప్రమేయం ఉండదు. చూపు మందగించిన బాలుడి చేతికి అన్నగారు అందించిన వాద్యం, తెలిసి అందించారో తెలియక అందించారో గానీ, అతనికి సరిగ్గా సరిపోయినదే.

అయితే ఇది సులువుగా దక్కిన వరం కాదు. ఎదుటివారి వేళ్ల కదలికను చూసి అనుకరించే వీలు లేనప్పుడు ప్రతి పలుకునూ విని, ఆ పలుకు ఎలా పుట్టిందో తనకు తానే వెతుక్కోవాలి. కమాను ఎంత ఒత్తితే ఆ నాదం వచ్చింది, ఎక్కడ తేల్చితే ఆ మార్దవం వచ్చింది అన్నది పదేపదే వాయించి తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి సాగిన ఆ వెతుకులాటే ఆయన వాద్యానికి సొంత ముద్రను తెచ్చింది.

అంధ బాలుడి కోసం పుట్టిన కళాశాల

వెంకటస్వామి జీవితం మలుపు తిరిగిన 1919వ సంవత్సరం విజయనగరం చరిత్రలోనూ మరపురానిది. ఆ ఏడాది ఫిబ్రవరి 5న విజయనగరం మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాలను స్థాపించారు. దాని పుట్టుక వెనుక ఉన్న కథను ఈ పట్టణంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సంస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడు అంధుడు. ఆ పిల్లవాడి భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్న మహారాజు దృష్టికి వచ్చింది. చూపులేని బిడ్డకు సంగీతమే బతుకుతెరువు, సంగీతమే తోడు కాగలదని భావించిన రాజు అతనికి ఆ విద్య చెప్పించాలని తలచారు. ఒక్కడి కోసం తలపెట్టిన ఆలోచన విస్తరించి పదిమందికీ ఉపయోగపడే కళాశాలగా రూపుదిద్దుకుంది.

ఆ నాటి పరిస్థితులను గుర్తు చేసుకుంటే ఈ నిర్ణయం విలువ తెలుస్తుంది. దేశంలో అంధుల కోసం తొలి పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో మొదలైంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు గడిచినా అటువంటి బడులు వేళ్ల మీద లెక్కించదగినవే. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా ‘భారతి బ్రెయిలీ’ ఖరారైంది 1951లో. అంటే 1919 నాటికి తెలుగు పల్లెలోనో పట్టణంలోనో పుట్టిన అంధ బాలుడికి చదువుకునే మార్గం లేనట్లే. అటువంటి సమయంలో ఒక అంధ బాలుడిని తలచుకుని సంస్థానాధిపతి ఒక విద్యాలయాన్నే తెరవడం విశేషం.

కళాశాలకు తొలి అధ్యక్షులుగా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును నియమించారు. బహుభాషా కోవిదుడు, కవి, వైణికుడు, లయ మీద అసాధారణమైన అధికారం గల దాసుగారు బాధ్యత చేపట్టడంతో కళాశాలకు పుట్టుకతోనే ప్రతిష్ఠ వచ్చింది. వీణకు వాసా వెంకటరావు వంటి విద్వాంసులు ఆచార్యులయ్యారు.

శిష్యుడిగా వెళ్లి ఆచార్యుడై...

విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారన్న వార్త విశాఖపట్నానికి చేరింది. వెంకటస్వామి అప్పటికి పాతికేళ్ల వయసు దాటిన యువకుడు. అన్నగారి వద్ద నేర్చిన విద్యకు మెరుగులు దిద్దుకోవాలన్న కోరికతో కళాశాలలో విద్యార్థిగా చేరడానికి ఆయన విజయనగరం వచ్చారని, అక్కడ ఆయన వాద్యాన్ని విన్న నారాయణదాసు ఆశ్చర్యానందాలతో ఇతను నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని తేల్చారని ప్రతీతి. ఆ విధంగా 26 ఏళ్ల ప్రాయంలో నాయుడు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు.

ఈ ఘట్టంలో దాసుగారి పాత్ర ఎన్నదగినది. ఎదుట నిలిచినవాడికి పేరుమోసిన గురుపరంపర లేదు, పెద్ద సభల్లో కచేరీలు చేసిన ఖ్యాతి లేదు. పైగా చూపు అంతంతమాత్రం. కాగితాలు చూసి, వంక పెట్టి, వెనక్కి పంపడానికి ఎన్ని కారణాలైనా దొరికేవి. దాసుగారు వాటిని పట్టించుకోలేదు. నాదాన్ని మాత్రమే విన్నారు. అంధ బాలుడి కోసం వెలసిన కళాశాలలో దృష్టిమాంద్యం గల యువకుడు ఆచార్య పీఠం ఎక్కడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ సంస్థ పుట్టుకకు అంతకంటే గొప్ప సార్థకత మరొకటి ఉండదు.

పక్కవాద్యానికి పట్టాభిషేకం

ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. ఐరోపావారితో పాటు ఓడల్లో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో దాన్ని నేర్చి కర్ణాటక సంగీతానికి అన్వయించారు. తంజావూరు సోదర చతుష్టయంలో ఒకరైన వడివేలు దానికి తిరువాన్కూరు సంస్థానంలో గౌరవం తెచ్చారు. మనిషి గొంతును నీడలా అనుసరించగల శక్తి ఉండటంతో శతాబ్దం తిరగకుండానే ఫిడేలు లేని గాత్ర కచేరీ ఊహకు అందని విషయమైపోయింది.

ఆ గుణమే దానికి హద్దు కూడా అయింది. గాయకుడు పాడినదాన్ని వెంబడించడం, ఆయన ఆగినప్పుడు కాసేపు వాయించి మళ్లీ ఒదిగిపోవడం, ఇదే ఫిడేలు విద్వాంసుడి ధర్మంగా స్థిరపడింది. వీణకో వేణువుకో ఉన్నట్లు సొంత కచేరీ చేసుకునే హోదా దానికి అంతగా లేదు.

నాయుడు కూడా మొదట పక్కవాద్యంతోనే పేరు తెచ్చుకున్నారు. ప్రముఖ గాయకుల సరసన కూర్చుని వాయించారు. దృష్టి సరిగా లేని విద్వాంసుడికి పక్కవాద్యం మరింత కత్తిమీద సాము. గాయకుడి చేతి కదలికలు, మృదంగ విద్వాంసుడి కనుసైగలు వేదిక మీద మాటలు లేని సంభాషణ వంటివి. వాటిని చూసి అందుకోలేనివాడు గాయకుడి ఊపిరిని బట్టి, స్వరం తిరిగే మలుపును బట్టి ముందే పసిగట్టాలి. ఏళ్ల తరబడి చెవికి పెట్టిన సాన ఇక్కడ ఆయనకు అక్కరకు వచ్చింది.

అయితే ఆయన అక్కడే ఆగిపోలేదు. ఫిడేలు ఒక్కటే ఒక పూర్తి కచేరీని నడపగలదని, రాగాలాపన, కృతి, స్వరకల్పన అన్నిటినీ స్వయంగా పండించగలదని నమ్మారు. 1938లో వెల్లూరులో తొలి సోలో కచేరీ చేశారు. అప్పటికి ఆయన వయసు నలభై నాలుగేళ్లు దాటింది. కొందరు కళాకారులు స్థిరపడి విశ్రమించే వయసులో ఆయన కొత్త దారి తొక్కారు. గాత్రం లేకుండా కేవలం ఫిడేలు వినడానికి జనం టికెట్లు కొని రావడం ఆ తరువాతి కాలంలో మామూలు విషయమైంది. ఈనాడు వయొలిన్ సోలో కచేరీలు, జంట వయొలిన్ కచేరీలు విని ఆనందిస్తున్నవారు ఆ దారి వేసినవారిలో ద్వారం ముందువరుసలో ఉన్నారని గుర్తుంచుకోవాలి.

కమానులో కారుణ్యం

ఆ కాలంలో దక్షిణాదిన ఫిడేలు దిగ్గజాలు పలువురు ఉండేవారు. మైసూరు చౌడయ్య పెద్ద సభల్లో వినికిడి కోసం ఏడు తీగల ఫిడేలును రూపొందించుకున్నారు. కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై తమిళనాట ప్రసిద్ధులు. వారి నడుమ ఆంధ్రదేశపు ప్రతినిధిగా నిలిచిన నాయుడు తీగలను పెంచుకోవడం మీద గాక, నాదాన్ని పెంచుకోవడం మీద దృష్టి నిలిపారు.

ఆయన కమాను నడకను రసికులు ప్రత్యేకంగా మెచ్చుకునేవారు. గీరినట్లు గాక తీగ మీద తేలినట్లు సాగే కమాను, ఒకే లాగుడులో దీర్ఘంగా నిలిచే నాదం, వినబడీ వినబడనంత సన్నగా మొదలై క్రమంగా నిండుదనం సంతరించుకునే పలుకు ఆయన సొత్తు. ఫిడేలు పుట్టిన పాశ్చాత్య దేశాల విద్వాంసుల వాదన పద్ధతుల నుంచి మెళకువలు గ్రహించడానికి ఆయన వెనుకాడలేదు. అయితే అది కమాను పట్టుకు, నాదశుద్ధికి మాత్రమే పరిమితం. రాగభావం, గమకం, సాహిత్యం పలికే తీరు అచ్చంగా మనవే. త్యాగరాజ కృతిని ఆయన వాయిస్తుంటే అందులోని మాటలు వినిపించినట్లే ఉండేదని ఆనాటి శ్రోతలు మురిసిపోయేవారు.

కళ్లు మూసుకుని నాదంలో లీనమై వాయించడం ఆయనకు అలవాటు. సంగీతాన్ని వినోదంగా గాక తపస్సుగా భావించారు. మంచి సంగీతాన్ని శ్రద్ధగా వినడమూ సాధనలో భాగమేనన్నది ఆయన దృఢాభిప్రాయం. గంటల కొద్దీ వేళ్లు ఆడించినంత మాత్రాన విద్వత్తు రాదని, చెవి పండితేనే చేయి పండుతుందని ఆయన బోధన సారం. చూపు తగ్గిన మనిషి బతుకులోంచి పుట్టిన ఈ సూత్రం చూపున్న శిష్యులకూ పాఠమైంది.

గ్రామఫోను రికార్డులు ఇళ్లలోకి వస్తున్న రోజులవి. నాయుడు వాద్యం రికార్డులకెక్కి, కచేరీలకు వెళ్లే తాహతు లేనివారి చెవినీ చేరింది. ఆకాశవాణి దాన్ని మరింత దూరం తీసుకెళ్లింది. ఆయన దేహం విడిచి దశాబ్దాలు గడిచినా ఆ నాదం నేటికీ వినగలుగుతున్నామంటే ఆ రికార్డుల పుణ్యమే.

విద్యల నగరికి పెద్దదిక్కు

నారాయణదాసు తర్వాత 1936లో కళాశాల ప్రిన్సిపాలు బాధ్యతలు నాయుడు చేపట్టారు. విద్యార్థిగా చేరాలని వచ్చిన పదిహేడేళ్లకు ఆ సంస్థకే పెద్ద అయ్యారు. దాసుగారి వంటి మహామహుడు కూర్చున్న కుర్చీ అది. దాన్ని అలంకరించడానికి కచేరీ విద్వత్తు ఒక్కటే చాలదు. సంస్థను నడిపే ఓర్పు, శిష్యులను కడుపులో పెట్టుకునే మనసు కావాలి. ఈ రెండూ ఆయనలో ఉన్నాయనడానికి ఆ కళాశాల నుంచి వచ్చిన కళాకారులే నిదర్శనం.

తెలుగు సినీ సంగీతాన్ని ఏలిన ఘంటసాల వెంకటేశ్వరరావు చేతిలో పైసా లేకుండా విజయనగరం చేరి, వారాలు చేసుకుని, మాధుకరం ఎత్తుకుని ఈ కళాశాలలోనే చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గాత్ర గురువు. అది ద్వారం ప్రిన్సిపాలుగా ఉన్న కాలం. గాయకుడిగా, వయొలిన్ విద్వాంసుడిగా, శాస్త్రకారుడిగా పేరొందిన నూకల చినసత్యనారాయణ ద్వారం శిష్యులే. విజయనగరంలో పుట్టిన గానకోకిల పి.సుశీల కూడా ఈ కళాశాలలోనే సంగీతం అభ్యసించారు.

ఇంట్లోనూ ఆయన విద్య వృథా కాలేదు. కుమారుడు భావనారాయణరావు వయొలిన్ విద్వాంసుడై తండ్రి కూర్చున్న ప్రిన్సిపాలు పీఠాన్నే అధిష్ఠించారు. కుమార్తె మంగతాయారు తండ్రి బాణీని నిలబెట్టిన విదుషీమణిగా ఖ్యాతి గడించారు. సోదరుల కుటుంబాల్లోనూ ఫిడేలు పట్టినవారు ఎందరో. అన్న చేతి నుంచి తమ్ముడికి చేరిన ఆ కమాను తరాలు దాటి సాగింది. ‘ద్వారం’ అన్న ఇంటిపేరే తెలుగునాట వాయులీనానికి పర్యాయపదమైంది.

మద్రాసు మెప్పు

కర్ణాటక సంగీతంలో మద్రాసు మ్యూజిక్ అకాడమీ గుర్తింపు ఆనాడూ ఈనాడూ గీటురాయి వంటిదే. 1941లో అకాడమీ వార్షిక మహాసభకు అధ్యక్షత వహించే గౌరవం నాయుడును వరించింది. ‘సంగీత కళానిధి’ బిరుదు ఆయన పేరు ముందు చేరింది. విజయనగరం వంటి ఉత్తరాంధ్ర పట్టణంలో పాఠాలు చెప్పుకునే విద్వాంసుడు కావేరీ తీర విద్వాంసుల సభకు అధ్యక్షుడు కావడం తెలుగువారందరికీ గర్వకారణమైంది.

ఆ తర్వాత సత్కారాలు వరుస కట్టాయి. 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. ఈ సన్మానాలలో ఏ ఒక్కటీ చూపులేనివాడన్న కనికరంతో ఇచ్చినది కాదు. ఫిడేలు విద్వాంసుల్లో అగ్రగణ్యుడన్న ఒకే ఒక్క అర్హతతో వచ్చినవే.

ఆ రెండు కచేరీలు

1952వ సంవత్సరం ఆయన జీవితంలో రెండు ఘట్టాలను మిగిల్చింది. ఆ ఏడాది జగద్విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చారు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ నివాసంలో ఆయన ద్వారం వాద్యాన్ని విని ముగ్ధులయ్యారు. వాద్యం ఒక్కటే, సంప్రదాయాలు రెండు. నిలబడి గడ్డం కింద ఆనించి వాయించే పాశ్చాత్యుడు, నేల మీద కూర్చుని పాదానికి ఆనించి వాయించే తెలుగువాడు ఆ రోజు ఒకే గదిలో నాదం ద్వారా పలకరించుకున్నారు. ఐరోపా నుంచి అరువు తెచ్చుకున్న వాద్యాన్ని మనవారు ఎంతగా సొంతం చేసుకున్నారో ఆ పాశ్చాత్య విద్వాంసుడికి తెలియజెప్పిన సందర్భమది.

రెండోది న్యూఢిల్లీలో జరిగింది. అంధుల సహాయ నిధి కోసం నాయుడు అక్కడ కచేరీ చేశారు. మెనూహిన్ మెచ్చుకోలు గురించి చెప్పుకున్నంతగా ఈ కచేరీ గురించి చెప్పుకోకపోవచ్చు. అయినా ఆయన జీవితాన్ని ఆమూలాగ్రం చూసినప్పుడు ఇదే పెద్దదిగా తోస్తుంది. బాల్యంలో పుస్తకం చేతికి అందని వేదన ఆయనకు తెలుసు. అన్న ఆదరించకపోయినా, దాసుగారు వినకపోయినా తన గతి ఏమయ్యేదో తెలుసు. తనకు దొరికిన ఆసరా దొరకనివారు దేశంలో లక్షలుగా ఉన్నారనీ తెలుసు. సాయం అందుకోవలసినవాడని లోకం అనుకున్న మనిషి సాయం అందించేవాడిగా దేశ రాజధానిలో వేదికనెక్కారు.

ఆగని నాదం

1964 నవంబరు 25న ద్వారం వెంకటస్వామి నాయుడు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై ఒక్క సంవత్సరాలు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన పెరిగిన విశాఖపట్నంలో విగ్రహం వెలసింది. చెన్నైలో ఆయన పేరిట స్మారక ట్రస్టు ఏర్పడింది.

విజయనగరంలో మహారాజు నెలకొల్పిన కళాశాల ప్రభుత్వ పరమై, మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా కొనసాగుతోంది. 2019లో దానికి నూరేళ్లు నిండాయి. ఒక అంధ బాలుడి బతుకు గురించి ఆలోచించిన రాజు, ఒక యువకుడి కళ్లను గాక కమానును గమనించిన దాసుగారు, ఆ నమ్మకాన్ని జీవితమంతా నిలబెట్టుకున్న నాయుడు, ఈ ముగ్గురి కథ ఆ గోడల మధ్య ఒకటిగా కలిసింది.

చూపు లోపించిన పిల్లలు ఈనాటికీ పల్లెల్లో ఉన్నారు. బ్రెయిలీ పుస్తకాలు వచ్చాయి, ప్రత్యేక పాఠశాలలు వచ్చాయి, మాట్లాడే యంత్రాలూ వచ్చాయి. అయినా వారిలో ఏ శక్తి దాగి ఉందో ఓపికగా వినేవారు దొరకకపోతే అవన్నీ ఉండీ ప్రయోజనం ఉండదు. ద్వారం వెంకటస్వామి నాయుడును మహా విద్వాంసుడిగా చేసినది ఆయన సాధన. ఆ సాధనకు తొలి అడుగు వేయించినది తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ఫిడేలు చేతికిచ్చిన ఒక అన్న. ప్రతి ఊరిలోనూ అటువంటి అన్న ఒకరుంటే మరెన్నో నాదాలు లోకానికి వినిపిస్తాయి.